గుంట సైకిలు గుంటకిచ్చేయండి

నెదర్లాండ్స్ నుంచి వచ్చి నెలన్నర అయింది. వచ్చిన దగ్గర్నుంచీ కనిపించినవాళ్లంతా నన్ను మెచ్చుకుంటున్నారు. పేరంటంలో బొట్టు పెడుతూ ఒకరు, మందుల షాపు దగ్గర ఒకరు, ఫోన్లో మా ఆడపడుచు అరగంట. "ఏం ధైర్యం వదినా నీది! ఈ వయసులో, ఆ దేశంలో, ఒక్కదానివీ సైకిలేసుకుని!" అని. మొదట్లో బాగానే ఉండేది, అబద్ధమెందుకు. పదోసారికి విసుగొచ్చింది. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, పొయ్యి మీద కుక్కరుంటే కట్టేసి రండి.

ముందు జరిగిందేమిటో చెప్పాలి. మా అబ్బాయీ కోడలూ ఉట్రెక్ట్ అనే ఊళ్లో ఉంటారు. ఇద్దరూ ఉద్యోగస్తులే. మనవడికి రెండేళ్లు. నేను దేశం చూడ్డానికి వెళ్తున్నానని మా ఆయన వీధంతా చెప్పారు గానీ, ఎందుకు వెళ్లానో మీకు వేరే చెప్పాలా? మీలో సగం మంది వెళ్లొచ్చినవాళ్లే, మిగతా సగం రేపో మాపో వెళ్లబోయేవాళ్లు. అమెరికా అయితే ఆర్నెల్లు, యూరప్ వీసా అయితే తొంభై రోజులు. సూట్‌కేసులో సగం ఊరగాయలూ పొడులూ, మిగతా సగం పిల్లాడి బట్టలు. విమానం దిగిన మర్నాటి నుంచీ వంటా, పిల్లాడూ, బట్టల మడతలూ. దీన్ని ఎవరూ పని అనరు. "అమ్మ వచ్చింది, మాకు హాయిగా ఉంది" అంటారు. హాయి వాళ్లది, నడుం నొప్పి మనది. సరే, మనవడంటే ప్రేమే, కాదనను.

మా కోడలికొక మడత సైకిలుంది. చిన్న చక్రాలు, పదహారు అంగుళాలు, మన పిల్లల సైకిలంత. మధ్యలో ఒక కీలు, హేండిలు కింద ఒక కీలు, సీటు కిందికి దిగుతుంది. అలవాటైన చెయ్యి అయితే అరనిమిషంలో మడిచేస్తుంది. రోజూ తొక్కుకుంటూ స్టేషనుకెళ్లి, మడిచి, రైల్లో కాళ్ల దగ్గర పెట్టుకుని ఆఫీసుకెళ్తుంది. అక్కడ రైల్లో మామూలు సైకిలు ఎక్కించాలంటే దానికి విడిగా టికెట్టు కొనాలి, ఆఫీసులకెళ్లే రద్దీ వేళల్లో అసలు ఎక్కనివ్వరు. మడిచిన సైకిలు మాత్రం సామాను కిందే లెక్క. టికెట్టూ లేదు, వేళా లేదు.

నేను దాని మీద కన్నేశాను. ఎత్తి చూశాను. పన్నెండు కిలోలు. "బరువు అత్తయ్యగారూ, మీరెత్తలేరు" అంది కోడలు. నవ్వొచ్చింది. మన గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు. ఇనుముతో కలిపితే ముప్పై కిలోల దాకా. దాన్ని గుమ్మం నుంచి వంటింటి దాకా ముప్పయ్యేళ్లుగా దొర్లించుకొస్తున్న ఆడదానికి పన్నెండు కిలోల సైకిలు బరువా? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండెత్తులూ కలిపి 240 కిలోలెత్తింది. మన వైపు ఆడవాళ్ల దగ్గర బరువుల మాట తీసుకురాకూడదు.

పార్కులో వారం పాటు ప్రాక్టీసు చేశాను. ముందు భయం సైకిలుది కాదు, కుడివైపు వెళ్లడం. మన చెయ్యి దానంతటదే ఎడమకి తిరుగుతుంది. ఒకసారి ఎదురుగా వస్తున్న ముసలాయన మీదకి పోయి పడ్డాను. ఆయన లేపి, నా చున్నీ గొలుసులో పడకుండా ముడేసుకోమని సైగ చేసి వెళ్లిపోయాడు. ఫోన్లో మా ఆయన, "పడితే ఇన్సూరెన్సు వస్తుందా?" అన్నారు. వీసా కోసం ముప్పై వేల యూరోల వైద్య బీమా కట్టించి మరీ పంపిన మనిషి అడగవలసిన ప్రశ్నేనా అది?

చివరికి కోడలే రెండు రోజులు సెలవు పెట్టింది. "వెళ్లి రండత్తయ్యగారూ, నేనున్నాను" అంది. మా అబ్బాయి అన్నమాట రాయను, వాడు చదువుతాడు.

దారి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇదే నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడ సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరుంటుంది. మొదట బెల్జియంలో లింబర్గ్ అనే చోట ఒక గనుల ఇంజనీరు ఆలోచనతో 1995లో మొదలై, తర్వాత ఈ దేశమంతా పాకింది. మనం వెళ్లాల్సిన నంబర్లు వరుసగా చీటీ మీద రాసుకుంటే చాలు, కూడలి కూడలికీ బాణం గుర్తు తర్వాతి నంబరు చూపిస్తుంది. పచారీ చీటీ రాసినట్టు నంబర్లు రాసుకున్నాను. హేండిలుకి బట్టల క్లిప్పుతో తగిలించాను. ఫోను తియ్యలేదు, ఎవరినీ అడగలేదు. ఈ వయసు దాకా ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరి వెనకే నడిచినదాన్ని. నా చీటీ వెంట నేను వెళ్లడం అదే మొదలు.

ఉట్రెక్ట్ నుంచి కిందికి దిగితే లెక్ అనే నది. రైన్ నది పాయే అది. నది గట్టు మీదే దారి. ఆ గట్టు మీద నుంచి చూస్తే ఒక పక్క నీళ్లు ఎత్తుగా, రెండో పక్క ఇళ్ల కప్పులు మన కాళ్ల దగ్గరగా కనిపిస్తాయి. నీటి మట్టం కంటే పల్లంలో ఉంటారు వాళ్లు! స్కోన్‌హోవెన్ అనే వెండిపని ఊరి దగ్గర పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి దాటాను. గట్టు మీద బెంచీ దొరికితే పులిహోర తిన్నాను. సాయంత్రానికి కిండర్‌డైక్ చేరాను. అక్కడ పొలాల్లో నీరు తోడడానికి దాదాపు మూడు వందల ఏళ్ల కిందట కట్టిన 19 గాలిమరలు వరసగా ఉంటాయి. ఫోటోల్లో చూసే ఉంటారు. ఫోటోలో కనబడనిది గాలి. ఆ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, నేను వెళ్తున్నదీ అటే. చిన్న చక్రాలు, ఎదురుగాలి. మధ్యాహ్నం మూడింటికి ఒక చోట దిగి ఏడుపొచ్చినంత పనయ్యింది. నడిపించుకుంటూ వెళ్లాను. నన్ను దాటి ఒక డెబ్బయ్యేళ్లావిడ, వెనక రెండు సంచుల నిండా కూరగాయలతో, ఈల వేసుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కాను.

మర్నాడు పడవ మీద రాటర్‌డామ్, అక్కణ్ణించి కాలువ వెంబడి డెల్ఫ్ట్, హేగ్, ఆ చివర సముద్రం. రెండు రోజుల్లో తొంభై కిలోమీటర్ల దాకా అయింది. అంటే ఇంచుమించు మా గజపతినగరం నుంచి విశాఖ బీచి ఎంతో అంత. సముద్రం దగ్గర ఇసకలో కూర్చుంటే నాకొకటి తట్టింది. మా ఊరి పక్క నుంచే చంపావతి పారుతుంది. అది వెళ్లి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నీళ్లు తాగి పెరిగి యాభయ్యేడేళ్లొచ్చాయి, ఒక్కసారైనా దాని వెంబడి సముద్రం దాకా వెళ్లలేదు. ఎవరిదో నది వెంబడి వెళ్లాను. తిరుగు రైల్లో సైకిలు మడిచి కాళ్ల దగ్గర పెట్టుకుని ఉట్రెక్ట్ దాకా నిద్రపోయాను. జరిగిందింతే. ఇందులో ధైర్యం ఎక్కడుంది?

నిజంగా అడుగుతున్నాను. దారి ఉంది, దాని మీద కారు రాదు. నంబర్లున్నాయి. సైకిలు కోడలిచ్చింది, పిల్లాణ్ణి ఆవిడే చూసుకుంది. రాత్రి పడుకోడానికి, సైకిలు మీదా నడిచీ తిరిగేవాళ్లకి తమ ఇళ్లలో గది ఇచ్చే ఒక సంఘం ఉంది అక్కడ, దాని ద్వారా ఒకావిడ ఇంట్లో ఉన్నాను. ఇన్ని అమిరాక తొక్కడానికి కావలసింది ధైర్యం కాదు, మోకాళ్లు.

"ఏం ధైర్యం" అని మీరు మెచ్చుకున్నప్పుడు ఏం జరుగుతోందో తెలుసా? ధైర్యం అనేది ఏదో పుట్టుమచ్చ లాంటిదనీ, అది నాకుందనీ, మీకు లేదనీ, మీ ఇంట్లో ఆడపిల్లకీ లేదనీ, కనక ఇక మనం చెయ్యగలిగిందేమీ లేదనీ తేల్చేస్తున్నారు. మెచ్చుకుని చేతులు దులుపుకుంటున్నారు. ఐర్లండ్‌లో డెర్వ్‌లా మర్ఫీ అని ఒకావిడుండేది. 1963లో సైకిలు మీద ఒంటరిగా యూరప్ నుంచి ఢిల్లీ దాకా వచ్చేసింది. ధైర్యం అంటే ఆవిడదే అనుకుంటాం. కానీ ఆవిడకి పదో పుట్టినరోజుకి ఇంట్లో ఇచ్చినవి ఒక సైకిలూ, ఒక అట్లాసూ! ఇండియాకి వెళ్లాలని అప్పుడే అనుకుంది. తర్వాత పద్నాలుగేళ్లకే బడి మానేసి, మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఉండిపోయింది. తల్లి పోయాక, ముప్పై ఒకటో ఏట బయల్దేరింది. మన ఇంటి కథలాగే లేదూ? తేడా ఒక్కటే. అన్నేళ్లూ ఆవిడ సైకిలు ఆవిడ దగ్గరే ఉంది.

మన సైకిలేమైంది? నాది చెబుతాను. పదమూడేళ్లప్పుడు అద్దె సైకిలు అర్ధరూపాయికి గంట చొప్పున తెచ్చుకుని, బార్ కింద నుంచి కాలు పెట్టి తొక్కి, మోకాళ్లు చెక్కుకుపోయి, నెలరోజుల్లో నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక ఆగిపోయింది. ఆపింది మా నాన్న కాదు. ఆయనకి ఏమీ పట్టేది కాదు. ఆపింది మా అమ్మా, మా మామ్మానూ. "పిల్లలు పుట్టరే" అని మామ్మ బెదిరించేది. (ఇద్దరు పుట్టారు.) మామ్మని అనుకుని ఏం లాభం, 1890ల్లో ఇంగ్లండులో చదువుకున్న డాక్టర్లే సైకిలు తొక్కే ఆడవాళ్లకి మొహం పీక్కుపోయి 'సైకిలు మొహం' అనే రోగం వస్తుందని రాశారు.

సరే, అది మా మామ్మ. మరి నేనో? మా అమ్మాయి ఇంటర్లో చేరినప్పుడు, "అమ్మా, సైకిలు కొనవే, ఆటోలో నలిగిపోతున్నాను" అంది. "రోడ్డు బాలేదు, నోరు మూసుకుని ఆటోలో వెళ్లు" అన్నాను. కొంటానన్నది మా ఆయన, వద్దన్నది నేను. రెండేళ్లు ఆటోలో వెళ్లింది. ఈ రోజుకీ అది ఏ బండీ నడపదు, పాలపేకెట్టు కావాలన్నా మొగుడు రావాలి. ఈ వ్యాసంలో ఎవరినైనా తిడుతున్నానంటే మొదటి ముద్దాయిని నేనే.

ఇప్పుడు మీరనబోయేది నాకు తెలుసు. "అక్కడ దారులు అలా ఉన్నాయి కాబట్టి తొక్కావు. ఇక్కడ ఎలా కుదురుతుంది?" నేనూ అలాగే అనుకునేదాన్ని, ఆ రాత్రి ఆవిడ ఇంట్లో పడుకునేదాకా. అరవై దాటిన మనిషి. సూపూ రొట్టే పెట్టింది. మీ దారులు ఎంత బాగున్నాయో అన్నాను. "ఇవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. నా చిన్నప్పుడు ఇక్కడ కూడా పిల్లల్ని కార్లు తొక్కేసేవి" అంది.

తర్వాత కోడలి చేత వెతికించి చదివాను. 1971 ఒక్క ఏడాదిలో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది పోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న ఒక విలేకరి మర్నాటి ఏడు పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. దానికి పెట్టిన పేరు 'పిల్లల హత్యలు ఆపండి'. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. దాని మొదటి అధ్యక్షురాలు మార్టే వాన్ పుటెన్, అప్పటికి ఆవిడ పసిపిల్ల తల్లి. తల్లులూ తండ్రులూ పిల్లల్ని తీసుకుని వచ్చి రోడ్లకడ్డంగా కూర్చున్నారు. సైకిళ్లతో సహా రోడ్డు మీద పడుకున్నారు. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేసినప్పుడు, కారు లేని రోడ్డు ఎలా ఉంటుందో దేశమంతా కళ్లారా చూసింది. నాకు అన్నం పెట్టినావిడ ఆ ఆదివారాల్లో పెద్ద రోడ్డు మీద చక్రాల బూట్లేసుకుని ఆడిందట. దారులు అప్పట్నుంచి వచ్చాయి, అదీ ఒక్కసారిగా కాదు. ఇవాళ అక్కడ కారూ సైకిలూ గుద్దుకుంటే నష్టపరిహారం భారం ముందుగా కారువాడి మీదే పడుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే ఇక మాటే లేదు, మొత్తం వాడే కట్టాలి.

అక్కడ కార్లు పిల్లల్ని తొక్కేస్తుంటే తల్లులు కార్లని ఆపమన్నారు. ఇక్కడ మనం పిల్లని ఆపుతాం. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, లారీ మీద భయం గుంట మీద చూపిస్తాం.

మన దేశంలో కుదరదంటారా? పక్కనే తమిళనాట పుదుక్కోట్టైలో 1991, 92 ప్రాంతాల్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే పల్లెటూరి ఆడవాళ్లకి సైకిలు నేర్పారు. షీలారాణి చుంకత్ అనే కలెక్టరమ్మ బేంకులతో మాట్లాడి సైకిళ్లకి అప్పులిప్పించింది. లక్షమంది దాకా నేర్చుకున్నారు. కూలికెళ్లేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, కూరలమ్ముకునేవాళ్లు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. కొందరు అవే బాగున్నాయన్నారట, ముందు బార్ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని! వాళ్ల రోడ్లు నెదర్లాండ్స్ రోడ్లు కావు. గుంతలే. వాళ్లు దారి బాగుపడ్డాక సైకిలెక్కలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఇంటికి పాలు పోసే ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. పెద్దదానికి బడిలో ఉండగా ప్రభుత్వం 'బడికొస్తా' పథకంలో సైకిలిచ్చింది. దాని పెళ్లయ్యాక చిన్నది తొక్కేది. వాళ్ల పల్లె ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఈ యేడు చిన్నది పదో తరగతి పాసై ఇంటర్లో చేరింది. చేరగానే సైకిలు ఎనిమిదో తరగతి చదివే తమ్ముడికిచ్చేశారు. అది ఆటోలో వస్తోంది. ఆటో రానినాడు రాదు. నేనొచ్చాక చూస్తున్నాను, వారానికి రెండు రోజులు పాలకేనుతో మా గుమ్మంలోనే ఉంటోంది.

ఒకరోజు వాళ్లమ్మని అడిగాను. "సైకిలెందుకు తీసేసేవే?"

"రాయపూర్ రోడ్డమ్మా, లారీలు. ఆడగుంట. ఏటైనా అయితే నానేటి సెయ్యాల?"

"మరి గుంటడు తొక్కుతున్నాడు కదా, అదే రోడ్డు మీద?"

"ఆడు మగోడు కదమ్మా."

"లారీకి తెలుస్తుందేటే, వీడు మగోడని?"

నవ్వింది. తర్వాత నవ్వలేదు. నేనూ నవ్వలేదు, ఎందుకంటే దాని భయం లారీ ఒక్కటే కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. సైకిలు మీద ఆడపిల్ల ఒంటరిగా ఉంటే ఎవడో ఒకడు బండి పక్కకి తెస్తాడని. నిజమే, తెస్తాడు. కానీ ఆటోలో ఏముంది? నలుగురు పట్టే చోట పన్నెండు మంది. డ్రైవరు పక్కన రేకు మీద కూర్చున్న పిల్ల మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడుతోందో మనలో ఎవరం ఎరగం? మనం కూర్చోలేదా? చీర కొంగు నిండుగా కప్పుకుని, సంచీ ఒళ్లో అడ్డం పెట్టుకుని, కళ్లు బయటికి పెట్టి, ఊరొచ్చేదాకా ఊపిరి బిగబట్టి? సైకిలు మీద పిల్లకి కనీసం వేగంగా తొక్కిపోయే దారుంటుంది. ఆటోలో అదీ లేదు. అది భద్రం, ఇది ప్రమాదం అని ఎవరు తేల్చారు?

నాకు తోచేది చెబుతాను, తప్పయితే అనండి. సైకిలు తీసేసుకోవడంలో లారీ భయం పావలా. మిగతా ముప్పావలా ఇంకేదో. సైకిలున్న పిల్ల ఎప్పుడు బయల్దేరిందో, ఎటు తిరిగి వచ్చిందో మనకి తెలీదు. ఆటోలో వచ్చే పిల్ల సంగతి నలుగురికీ తెలుస్తుంది. మన భయం దానికేదో అవుతుందని కాదు, మనకి తెలీకుండా అది ఎటైనా వెళ్లగలదని. మా అమ్మాయి విషయంలో నాదీ అదే భయం. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రోడ్డు సంగతి వదిలెయ్యమనడం లేదు. హైవే అంచున నాలుగడుగుల దారి సైకిళ్లకి వదలమని అడగాలి. బడి దగ్గర లారీలు నెమ్మదిగా పోవాలని అడగాలి. మన మహిళా సంఘాల సమావేశాల్లో వడ్డీలూ వాయిదాలూ తప్ప ఈ మాట ఎప్పుడైనా వచ్చిందా? వచ్చే సమావేశంలో నేను ఎత్తుతాను, పక్కన కూర్చునేవాళ్లు కావాలి. అది వచ్చేదాకా గుంటని ఇంట్లో ఉంచుతామంటే మాత్రం ఆ దారి ఎప్పటికీ రాదు. తొక్కేవాళ్లు లేని చోట దారి ఎవరు వేస్తారు?

మొన్నాదివారం పాలావిడ చేత ఆ సైకిలు మా ఇంటికి తెప్పించాను. వెనక ట్యూబు మూడు చోట్ల అతుకులు, పోయింది. కొత్తది వేయించాను, బ్రేకులు బిగింపించాను. గుంటడి బడీ, గుంట కాలేజీ ఒకే దారిలో ఉన్నాయి. ఇద్దరూ కలిసే వెళ్లొచ్చు. పెద్దది కాబట్టి అది తొక్కాలి, వాడు వెనక కేరేజీ మీద కూర్చోవాలి. ఇదీ నేను చెప్పిన ఏర్పాటు. పాలావిడ సరేనంది. గుంట నోటితో ఏమీ అనలేదు గానీ, బెల్లు నాలుగుసార్లు కొట్టి చూసుకుంది. వాళ్ల నాన్న ఇంకా ఏ సంగతీ తేల్చలేదు. అక్క తొక్కుతుంటే వెనక కూర్చోడానికి గుంటడికి సిగ్గట.